ఎనిమిది మెట్ల మాట

మీ తాత తుపాకీ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నారు? పదిసార్లు. ఆ తుపాకీతో మీ తాత జన్మకి కొట్టింది ఒక్క ముళ్ళపందిని, అదీ అప్పటికే కుంటిది. దాన్ని మాత్రం నోరు తెరుచుకుని వింటారు. మా బ్లియా అక్క గురించి మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగారా? ఆవిడ చేతి కూడు తినే మీ అమ్మానాన్నలు పెద్దవాళ్ళయ్యారు. ఆవిడ పేరు చెబితే మీరు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. సిగ్గులేని సంత! సరే, వాన ఎలాగూ తగ్గేలా లేదు. కూర్చోండి. రాస్తానన్నదానివి నువ్వు రాసుకో. నా తిట్లు కూడా వదలకు.

బ్లియా నాకు తోడికోడలు. మా ఆయన నడిపన్న భార్య. తావ్ వంశం పిల్ల. వాళ్ళ నాన్న ఖేంగ్ బూర గురువు. ఆరు కొండల అవతల చావు జరిగినా ఆయన కోసమే మనిషి వచ్చేవాడు.

ఖేంగ్ ఊదడమంటే మీకిప్పుడు మోత వినిపిస్తుంది, మాట వినిపించదు. ఫోన్లు పెట్టుకుని పెట్టుకుని చెవులు పాడైపోయాయి. అది పాట కాదు, మాటే. మన మాటలో నోరు చేసే పని తీసేసి, గొంతు ఎక్కడ ఎక్కుతుంది, ఎక్కడ దిగుతుంది, ఎక్కడ బొంగురుపోతుంది, అది మాత్రం మిగిల్చి ఆరు గొట్టాల్లోంచి ఊదుతారు. చచ్చినవాళ్ళకి నోటి మాట వినపడదు కాబట్టి వాళ్ళకి అలా చెబుతారు. నువ్వు ఫలానా ఊళ్ళో కట్టెలు కాల్చావు, ఫలానా ఊరి నీళ్ళు తాగావు, ఆ నేలకి సెలవు చెప్పుకో, పద అని. అలా ఒక్కొక్క ఊరే వెనక్కి నడిపించి పుట్టిన ఊరికి తీసుకుపోతారు. అక్కడ పుట్టినప్పుడు మనతో పాటు తల్లి కడుపులోంచి వచ్చిన మాయ పాతిన చోటు తవ్వుకుని, ఆ మాయనే చొక్కాలా తొడుక్కుని పెద్దల దగ్గరికి పొమ్మంటారు. ఊదేవాడు కూడా అంతదూరం వెంట వెళ్ళినట్టే కదా, అందుకని చివర్లో తిరుగుదారి ఊదుకుంటూ ఊరూ ఊరూ దాటి ఇంటికి వస్తాడు. తిరుగుదారి ఊదకుండా వదిలేసినవాడు నెల తిరక్కుండా పోతాడని పెద్దల మాట.

అందుకే చావు లేని ఇంట్లో, కప్పు కింద, ఆ ఊదుడు ఊదకూడదు. నేర్చుకునేవాళ్ళు సైతం చేలో గుడిసెకి పోవాల్సిందే. ఇంట్లో ఊదితే దారి తెరుచుకుంటుంది. తెరుచుకున్న దారి ఎవరో ఒకరు నడిచేదాకా మూసుకోదు.

బ్లియా నాన్న చేలోనే నేర్పేవాడు. నలుగురు మగపిల్లలు ముందు మాటలు బట్టీ పట్టి, తర్వాత గొట్టాలు పట్టేవాళ్ళు. ఈవిడ వాళ్ళకి అన్నం మూట తీసుకెళ్ళి, పక్కన మొక్కజొన్న ఒలుచుకుంటూ కూర్చునేది. ఆడది ఖేంగ్ ముట్టుకోకూడదు. వినకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి మొత్తం ఈవిడకే వచ్చింది. ఎవడైనా ఒక మెట్టు తప్పి ఊదితే దగ్గేది. తండ్రికి అర్థమై ఏమీ అనేవాడు కాదు. ఆ దగ్గు వినిపిస్తే "మళ్ళీ ఊదరా" అనేవాడు. ఆ పిల్లలేమో ఈ అమ్మాయికి క్షయ పట్టిందనుకుని, పెళ్ళికి ఎవరూ అడక్కుండా ఊరంతా టాంటాం చేశారు. ఆ దగ్గు సంగతి తెలియని మా మరిది, కాదు కాదు, మా బావ, వేరే ఊరివాడు కాబట్టి చేసుకున్నాడు. చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాక చెట్టు కూలి మీద పడితే పోయాడు. ఒక పిల్లని జ్వరం తీసుకుపోయింది. లెంగ్ ఒక్కడు మిగిలాడు.

లెంగ్ పెళ్ళాం మైసీ. నది అవతల నుంచి యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చిన కుటుంబం. నోట్లోంచి మాట రావాలంటే పళ్ళు పట్టుకుని లాగాల్సిందే. ఆ పిల్లకి తొమ్మిది నెలలు నిండే వేళకి ఈ గొడవంతా జరిగింది.

అంతకు నెలన్నర ముందు పట్నం కాలేజీ నుంచి సావలక్ అనే థాయ్ అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. ఒక పెట్టె మెషీను, పది క్యాసెట్లు, జలగల్ని చూసి ఏడుపు. మన మాటలో గొంతు ఎన్నిరకాలుగా ఎక్కుతుందో దిగుతుందో చదువుకోడానికి వచ్చిందట. దీనికి చదువేమిటే, పుట్టిన ప్రతి పిల్లకీ వచ్చేదేగా అన్నాను నేను. బ్లియా అక్క ఇంట్లోనే దిగింది. మొదటి రోజే అక్కని కూర్చోబెట్టి, "పో" అనే మాటని ఎన్ని రకాలుగా అంటారో అనమంది. ముల్లు అంది అక్క, నాయనమ్మ అంది, ఉండ అంది, ఆడది అంది, విసరడం, చూడడం అంది. అన్నీ పో, పో, పో, గొంతు మెట్టు ఒక్కటే తేడా. నలభైసార్లు అనిపించింది. దొడ్లో దూడ కూడా లేచి నిలబడింది.

"పెద్దమ్మా, మీకు ఎనిమిది మెట్లున్నాయి" అంది చివరికి ఆ అమ్మాయి, కళ్ళు పెద్దవి చేసుకుని.

"మీకెన్ని?"

"మా థాయ్‌కి అయిదు."

"అయ్యో పాపం" అంది అక్క నిజంగానే జాలిపడి. "అయిదుతో ఎట్టా నెట్టుకొస్తున్నారమ్మా?"

ఆ పిల్ల పుస్తకంలో గీతలు గీసేది, పైకి ఒకటి, కిందికి ఒకటి, వంకర ఒకటి. అక్కకి అక్షరం రాదు. రెండు రోజులు ఆ గీతలు చూసి చూసి, మూడో రోజు చేట తెచ్చింది. ఎనిమిది రకాల గింజలు పోగేసింది. అన్నిటికన్నా పై మెట్టుకి తెల్ల మొక్కజొన్న, పైనుంచి జారే మెట్టుకి ఎర్ర మొక్కజొన్న, నడిమికి వడ్లు, అట్లా దిగుతూ దిగుతూ గొంతు నొక్కుకుపోయే మెట్టుకి మిరపగింజ, ఊపిరి కలిసి బరువుగా పడే మెట్టుకి గుమ్మడిగింజ. ఒక్కో మాటకి ఒక్కో గింజ చేటలో వరసగా పేర్చేది. వాక్యం అయిపోతే కొత్త వరస. ఆ అమ్మాయి ఒక పేజీ గీసేలోపు అక్క మూడు వరసలు పేర్చేది. ఆ అమ్మాయి తన గీతల్లో తప్పుల్ని అక్క చేటలో చూసి దిద్దుకునేది. నేను పోయి, "ఏంటక్కా, కోళ్ళకి వడ్డిస్తున్నావా?" అంటే, "అవును, నువ్వూ ముక్కుతో ఏరుకో" అనేది.

ఎగువ పల్లెలో ఒక ముసలాయన పోయాడు. మా ఊరి ఖేంగ్ గురువు న్యాజోంగ్ మామ ఊదాడు. ఇంటివాళ్ళ అనుమతితో సావలక్ పెట్టెలోకి ఎక్కించుకుంది. క్యాసెట్టు అయిపోయి చివరి తిరుగుదారి ఎక్కలేదు, మిగతాదంతా ఎక్కింది. ఆ ఊదుడుకి మాటలేమిటో చెప్పమని న్యాజోంగ్ మామని అడిగితే, "గొట్టాలు నావి, మాటలు చచ్చినోళ్ళవి. పోమ్మా" అన్నాడు. అక్క చెబుతానంది. చేలో గుడిసెలో, ఇంటి కప్పు కింద కాకుండా. రోజూ పొద్దున్నే ఇద్దరూ పెట్టె మోసుకుని పోయేవాళ్ళు. ఒక్కో వాక్యం ఆపి, అక్క నోటితో మెల్లగా అని, గింజలు పేర్చేది. నెల రోజులు అదే పని. ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. మా పెద్ద బావగారు వాపావ్, ఊరికి పెద్ద కూడా ఆయనే, గడప దగ్గర ఆపి అడిగాడు.

"ఏమ్మా బ్లియా, కలుపు ఎవరు తీస్తారు? చచ్చినోళ్ళా?"

"తీస్తానన్నారు బావగారూ, మీరు వెళ్ళి చేను చూపించి రండి" అంది అక్క.

అంత నోరు. కానీ పని పట్టుకుంటే వదలని పిచ్చి కూడా అంతే. న్యాజోంగ్ మామ మూడో ఊరి దగ్గర ఒక మెట్టు తప్పాడని అక్కకి అనుమానం. గుమ్మడిగింజ పడాల్సిన చోట మిరపగింజ పడిందంటుంది. సావలక్ కాదంటుంది. "మీకలా వినిపించి ఉంటుంది పెద్దమ్మా" అంది ఒకరోజు. ఆ మాట అక్కకి అన్నంలో రాయిలా తగిలింది. వాళ్ళ నాన్న ముందు నలుగురు మగపిల్లల్ని దిద్దిన చెవి కదా.

సావలక్ బ్యాటరీలకని దిగువ ఊరికి పోయింది. పెట్టె అక్కకి అప్పజెప్పి, ఏ మీట నొక్కాలో చూపించి మరీ వెళ్ళింది. నాలుగు రోజుల్లో వస్తానంది. వెళ్ళిన రోజు నుంచే ముసురు. చేలో గుడిసె కప్పు గాలికి లేచిపోయింది. పెట్టె పట్టుకుని అక్కడికి పోయే వీల్లేదు. మూడో రోజు పొద్దున అక్క ఉండబట్టలేకపోయింది.

ఏమనుకుందో ఆవిడే నాకు తర్వాత చెప్పింది. ఊదకూడదన్నది మనిషి ఊపిరిని. పెట్టెకి ఊపిరెక్కడిది? టేపు తిరుగుతుంది, అంతే. పైగా ఇంట్లో ఎవరూ లేరు. మైసీ జనపనార ఒలవడానికి మా ఇంటికి పోతానని చెప్పి వెళ్ళింది. లెంగ్ మేకల దగ్గరున్నాడు. ఒక్క మూడో ఊరు, ఆ ఒక్క వాక్యం విని ఆపేస్తే ఎవరికి నష్టం? తిరగలి పక్కన కూర్చుని, తల మీదా పెట్టె మీదా దుప్పటి కప్పుకుని, మీట నొక్కింది.

మైసీ మా ఇంటికి రానేలేదు. సగం దారిలో నడుము పట్టేసి వెనక్కి తిరిగి, పక్క తలుపులోంచి వచ్చి గదిలో పడుకుంది. నొప్పులు మొదలయ్యాయి. చప్పుడు చేసే పిల్ల కాదు కదా. పళ్ళ బిగువున భరిస్తోంది. ఈ పిల్ల రాలేదేమా అని నేను వాళ్ళింటికి బయల్దేరాను. వాకిట్లోకి వచ్చేసరికి ఖేంగ్ వినపడింది.

నా కాళ్ళు మట్టిలో దిగబడిపోయాయి. మాటలు నాకేమీ తెలియవు. కానీ ఆ ఎత్తుగడ తెలియని వాళ్ళెవరు? పోయినవాళ్ళని లేపే ఎత్తుగడ అది. మా అక్క ఇంట్లోంచి వస్తోంది. ఎవరు పోయారు? పరిగెత్తుకుంటూ వెళ్ళాను. దుప్పటి కదులుతోంది, కిందనుంచి ఊదుడు. అక్క మూడో ఊరు దాటినా ఆపలేదు. వింటూ కూర్చుండిపోయింది, పని పిచ్చి. అంతలో బ్యాటరీ అయిపోవస్తోందేమో, ఊదుడంతా బరువెక్కింది. బూర మెల్లమెల్లగా కిందికి, ఇంకా కిందికి, గోతిలోకి దిగుతున్నట్టు దిగింది. మెట్లన్నీ కలిసికట్టుగా దిగాయి కాబట్టి మాట చెడలేదట. అన్నిటికన్నా పైది పైనే ఉంది, కిందిది కిందే ఉంది. మాట మాటగానే వినపడుతూ లోతుకి పోయింది. చివరికి ఎద్దు మూలిగినట్టు మూలిగి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గదిలోంచి మైసీ గొంతు వచ్చింది.

"అత్తమ్మా, నా కోసమేనా?"

అక్క దుప్పటి తోసేసి లేచిన తీరు నేను చచ్చేదాకా మర్చిపోను.

మేమిద్దరం గదిలోకి పోయాం. పక్క తడిసి ఉంది. ఉమ్మనీరు పోయింది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరినదానిలా ఉంది. పట్టుకుంటే చెయ్యి చల్లగా ఉంది. నొప్పి వస్తోంది, ఒళ్ళు వంగుతోంది, కానీ ముక్కదు. నోరు తెరవదు. "ముక్కవే తల్లీ" అంటే "ఎందుకు చిన్నత్తా, పిలిచేశారుగా" అంది. ఆ తర్వాత ఇంక పలకలేదు.

మధ్యాహ్నం దాకా చెయ్యగలిగినవన్నీ చేశాం. ఇంట్లో ఉన్న ముడులన్నీ విప్పాం. పెట్టెల మూతలు తెరిచాం. తాళంచెవి ఉడకబెట్టిన నీళ్ళు తాగించాం, సగం గడ్డం మీదుగా కారిపోయాయి. లెంగ్ వచ్చి వెనకనుంచి పట్టుకుని కూర్చోబెట్టాడు. తల వాడి భుజం మీద వాలిపోతోంది. కోడలు అత్త ఎడల తప్పు చేసి ఉంటే, అత్త వేలు ముంచిన నీళ్ళు తాగితే కాన్పు తేలికవుతుంది. అత్తే తప్పు చేస్తే ఏ నీళ్ళు తాగాలో పెద్దలు చెప్పలేదు. అక్క ఆ పిల్ల వేలు తీసి గిన్నెలో ముంచి, ఆ నీళ్ళు తను తాగింది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. దాంతో కూడా ఏమీ కాలేదు.

ఊదుడు ఊరంతా విన్నది. వాకిట్లో జనం నిండిపోయారు. వాపావ్ బావగారు గొడుగు కూడా లేకుండా వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు ఊదారు?"

"పెట్టె ఊదింది" అన్నాను నేను.

"పెట్టె దానంతటదే లేచి ఊదిందా? మీట నొక్కింది ఎవరు?"

"నేను" అంది అక్క.

"ఎందుకు?"

"న్యాజోంగ్ మామ తప్పు పట్టుకోడానికి."

నవ్వాలో కొట్టాలో తెలియని మొహం పెట్టాడు బావగారు. జనంలో ఎవరో, "పట్టుకున్నావుగా, ఇప్పుడు దారి కూడా నువ్వే పట్టుకో" అన్నారు. ఇంకొకరు పెట్టెకి ఊపిరి లేదు కాబట్టి లెక్కలోకి రాదన్నారు. ఊపిరి లేనిదైతే మూలిగి ఎలా చచ్చింది అన్నారు మరొకరు. అది నిజమే అనిపించింది అందరికీ.

"ఎంతదాకా పోయింది ఊదుడు?" అడిగాడు బావగారు. "తిరుగుదారి పట్టిందా?"

అక్క గది తలుపు వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్నా. మాటలు తెలిసింది నీకొక్కదానికే. ఎక్కడ ఆగింది?"

అబద్ధం చెప్పచ్చు. మొదటి ఊళ్ళోనే ఆగిందంటే ఎవరికి తెలుస్తుంది? నేను కళ్ళతో సైగ చేశాను కూడా. అక్క నా వైపు చూసి, తల తిప్పుకుని, లోపలికి వినపడేంత గట్టిగా చెప్పింది.

"పుట్టిన ఊరికి చేరింది. చొక్కా తవ్వుకునే చోట ఆగింది."

ఆడవాళ్ళందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. లోపల ఒక పిల్ల కడుపులోంచి కొత్త చొక్కా రావాల్సిన రోజు అది. ఆ ఇంట్లోంచి దారి పాత చొక్కా దాకా తెరుచుకుని, తిరుగుదారి లేకుండా అక్కడే ఉండిపోయింది. మైసీ ప్రాణం అక్కడుంది. ఎవరికీ అనుమానం లేదు. నాకూ లేదు. ఇప్పుడు నవ్వుతున్నారే, మీరు ఆ వాకిట్లో నిలబడి ఉంటే తెలిసేది.

న్యాజోంగ్ మామ రెండు కొండల అవతల ఇంకో చావులో ఉన్నాడు. శవాన్ని వదిలి రాడు, రాకూడదు. ఖేంగ్ పట్టగల మగవాళ్ళు మరో ఇద్దరున్నారు గానీ తిరుగుదారి వాళ్ళకింకా నేర్పలేదు. అప్పుడే సావలక్ వచ్చింది. వెనక కొండదారి జారిపోయిందట, మోకాళ్ళ మీద పాకి వచ్చింది. ఒళ్ళంతా ఎర్రమట్టి. సంగతి విని ముందు ఆసుపత్రి అంది.

"ఏ దారిన మోసుకెళ్ళాలమ్మా? నువ్వు పాకొచ్చిన దారినా?" అన్నాడు బావగారు.

ఆ పిల్ల ఏడుస్తూ సంచిలోంచి కొత్త బ్యాటరీలు తీసి చాపింది. "ఇవి వేసి మిగిలింది వినిపిస్తే?"

"నీ పెట్టెలో తిరుగుదారి లేదు" అంది అక్క. "చేటలో ఉంది."

మాకెవరికీ అర్థం కాలేదు. అక్క గబగబా పోయి చేట తెచ్చి గడప మీద పెట్టింది. గింజల గిన్నెలు తెచ్చింది. "లెంగ్, మైసీ ఎక్కడెక్కడ బతికిందో చెప్పు. పుట్టిన ఊరి నుంచి ఇక్కడిదాకా. ఒక్కటీ వదలకు."

"పాలోంగ్‌లో పుట్టింది" అన్నాడు లెంగ్ లోపల్నుంచి. "తర్వాత నామ్‌యావ్. అక్కణ్ణుంచి పారిపోయి ఎలుగువాగులో ఒక వర్షాకాలం. తర్వాత సరిహద్దు శిబిరం. తర్వాత మన ఊరు."

చచ్చిన ముసలాయన దారి అక్కకి కంఠతా వచ్చు. అది పుట్టిన ఊరికి పోయే దారి. ఇప్పుడు కావాల్సింది వెనక్కొచ్చే దారి, అదీ మైసీ ఊళ్ళతో. ఏ గురువూ నేర్పనిది. తిరుగుదారి వాక్యాలు చిన్నప్పుడు చేలో విన్నవి, పేర్లు కొత్తవి. ఆ పేర్ల మెట్లు ఏమిటో, అవి ఏ మాట పక్కన పడితే ఎలా వంగుతాయో నెల రోజులుగా ఆ అమ్మాయితో కూర్చుని వేరుచేసి చూసింది కాబట్టి కుదిరింది. తెల్ల గింజ, మిరపగింజ, వడ్లు, వేళ్ళు పిచ్చిగా కదిలాయి. ఒక్కో ఊరికి ఒక వరస. ఒక వరస పేర్చి చెరిపేసింది, మళ్ళీ పేర్చింది. సావలక్ పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించింది, "పెద్దమ్మా, ఇక్కడ ఒక మెట్టు దిగాలేమో." అక్క చూసి, గింజ మార్చింది. లోపల మైసీ ఊపిరి ఈలలా వినపడుతోంది.

"పేర్చి ఏం చేస్తావు?" అడిగాడు బావగారు. "నువ్వు ఖేంగ్ ముడితే ఈ ఇల్లు ఊళ్ళో ఉండదు. ముందే చెబుతున్నా."

"ఎవరు ముడతానన్నారు?" అక్క లేచి, వాకిట్లో నారింజ చెట్టు ఆకు ఒకటి తెంపి, కొంగుతో తుడిచింది. పైకొంగు కాదులే, నడుం గుడ్డ చెంగు.

"ఆకా?" బావగారి గొంతు లేచింది. "కుర్రపిల్లలు పొదల్లో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు పిల్చుకునే ఆకు మీద చావుదారి ఊదుతావా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"పిలవడానికేగా బావగారూ ఆకు. నేనూ పిలుస్తున్నా. కప్పు కిందికి రాను, చూరు బయటే నిలబడతా. మీకు సిగ్గేస్తే చెవులు మూసుకోండి."

చూరు నీళ్ళు తల మీద పడుతుంటే గది గోడకి అవతలగా నిలబడింది. చేట నన్ను పట్టుకోమంది. తడవకుండా సావలక్ తన ప్లాస్టిక్ గుడ్డ పట్టింది. అక్క కళ్ళు చేట మీద, ఆకు పెదాల మీద. మొదటి ఊదు గాలే వచ్చింది. రెండోది చీలింది. మూడోసారి పలికింది.

ఆకుకి ఆరు గొట్టాలు లేవు, ఒక్క సన్నటి గొంతే. అయినా ఎనిమిది మెట్లూ పలికాయి. పాలోంగ్, నీ కట్టెలు కాల్చింది చాలు, నీ నీళ్ళు తాగింది చాలు, నీ చొక్కా నీ దగ్గరే ఉంచు, పిల్ల ఇంటికి పోతోంది. నాక్కూడా తెలిసింది మాట! ఆకుతో మాట్లాడుకోని ఆడపిల్ల మా రోజుల్లో ఎవరుంది? ఖేంగ్ అర్థం కానిదానికి ఆకు అర్థమైంది. తర్వాత నామ్‌యావ్. కట్టెలు చాలు, నీళ్ళు చాలు. లోపల ఏ చప్పుడూ లేదు. నేను మూడో వరస చూస్తున్నా, ఎలుగువాగు వరస, మొదటి గింజ తెల్లది.

అక్క ఊదింది ఎలుగువాగు కాదు. సరిహద్దు శిబిరం.

ఒక ఊరు వదిలేస్తే దారి తెగినట్టే. నోరు తెరవబోయాను. అంతలో లోపల్నుంచి కేక. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అరిచి ఉండదు.

"అత్తమ్మా! ఎలుగువాగు! ఎలుగువాగు వదిలేశావ్!"

అక్క ఆకు తియ్యలేదు. శిబిరం వరస మళ్ళీ మొదలుపెట్టింది.

"చెవుడా నీకు? నా తమ్ముడు అక్కడున్నాడు, అక్కడే పాతిపెట్టాం! వాడికి చెప్పకుండా నేనెట్టా వస్తా? వెనక్కి పో! అత్తమ్మా, వెనక్కి పో!"

"పట్టుకోరా దాన్ని!" అని నేను అరిచాను, లెంగ్ మీద.

అప్పుడు అక్క వెనక్కి పోయింది. ఎలుగువాగు దగ్గర చాలాసేపు నిలబడింది. కట్టెలకీ నీళ్ళకీ చెప్పాక, చేటలో లేని వాక్యం ఒకటి ఊదింది. చిన్నవాడా, నువ్వుండు, అక్క పోతోంది అని. లోపల ఏడుపు. ఏడుస్తూనే ముక్కడం. శిబిరం వచ్చేసరికి లెంగ్ తల కనపడుతోందని కేక పెట్టాడు. నేను చేట సావలక్ చేతిలో పడేసి లోపలికి పరిగెత్తాను. మన ఊరి పేరు ఆకు మీద పలుకుతుండగా పిల్ల నా చేతుల్లో పడింది. నీలంగా ఉంది. కాళ్ళు పట్టుకుని ఒకటి వేస్తే గయ్యిమంది. అదిగో, మీకు రోజూ అన్నం వడ్డిస్తూ ఏమీ ఎరగనట్టు నవ్వుతోందే మీ అత్త, ఆ పిల్లే.

ఆ ఊరు కావాలని వదిలావా అని నేను అక్కని ఎన్నోసార్లు అడిగాను. "ఆకు చిరిగింది, తొందరలో వరస దాటింది" అనేది. గింజ గింజకీ దగ్గిన మనిషి వరస దాటుతుందా? మీరే చెప్పండి.

వాపావ్ బావగారు ఊరికే వదల్లేదు. కప్పు కింద దారి తెరిచినందుకు ఒక పందిని జరిమానా వేశాడు. ప్రాణాలు జారిపోకుండా ఇంటిల్లిపాదికీ మణికట్టుకి దారాలు కట్టాం. అక్క మారు మాట్లాడకుండా తన పెద్ద పందినే తోలుకొచ్చింది. చావు ఊదుడు మాటలు ఇంక చెప్పనని సావలక్‌తో అంది. ఆ అమ్మాయి ఒప్పుకుని, ఆ క్యాసెట్టు న్యాజోంగ్ మామ చేతిలోనే పెట్టింది. మిగిలిన నెల కూరగాయల పేర్లూ, సంతలో బేరాలూ, తిట్లూ రాసుకుంది. తిట్లకి నన్ను పిలిచారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు కాలేజీలో తన పాఠం చేటతోనే చెబుతున్నానంది. గింజలు ఎనిమిది రకాలూ పట్నంలో దొరక్క ఇబ్బందట, అక్క ఒక మూట కట్టి ఇచ్చింది. మూడో ఊరి దగ్గర తప్పుందని కూడా ఆ అమ్మాయి ఒప్పుకుంది, పుస్తకంలో తన గీతలు మళ్ళీ సరిచూసుకుందట. అక్క "ఊఁ" అని కలుపు తియ్యడానికి పోయింది.

ఆ తర్వాత కష్టమైన కాన్పు ఎక్కడ జరిగినా అక్క కోసం మనిషి వచ్చేవాడు. ముందు ఆ పిల్ల బతికిన ఊళ్ళన్నీ అడిగేది. చేటలో పేర్చుకునేది. చూరు బయట నిలబడి ఊదేది. ఎంతమందికి ఊదిందో నాకు తెలియదు. ఇద్దరు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఇద్దరి ఇళ్ళకీ ఏటా కొత్త బియ్యం పట్టుకెళ్ళేది. దిగువన ఆసుపత్రికి రోడ్డు పడ్డాక కూడా జీపు ఎక్కించే ముందు ఒకసారి పిలిచేవాళ్ళు.

ముందు పళ్ళు రెండు ఊడాక ఆకు పలకలేదు. ఎవరైనా వస్తే, "గాలి పోతోందమ్మా, ఆసుపత్రికే పొండి" అనేది. ఆ చలికాలం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పదకొండు రోజులు మంచం పట్టింది. మైసీ దగ్గరుండి చూసుకుంది. పన్నెండో రోజు అక్క పోయింది, అప్పటికి ఆవిడకి అరవై నాలుగేళ్ళు.